చెరసాల నుండి వెలువడిన పత్రిక

భారతదేశమున అచ్చయిన మొట్టమొదటి వార్తాపత్రికకు సంపాదకుడు ఐర్లండు దేశీయుడగు జేమ్స్ ఆగస్టస్ హికీ. అప్పుల వలన చెరసాల పాలయిన ఇతడు అచ్చుపని చేసి నిలదొక్కుకొని, 1780 జనవరి 29న కలకత్తాలో 'బెంగాల్ గెజిట్' అను ఆంగ్ల వారపత్రికను స్థాపించెను. ఉన్నవి నాలుగే పుటలు. అందే ఈస్టిండియా కంపెనీ అధికారుల అవినీతిని బయటపెట్టి, గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్సును సైతము ఎగతాళి చేసెడివాడు. అతని హాస్యము ఒక్కొక్కప్పుడు మోటుగా నుండెడిదన్న మాటయు నిజమే.

కంపెనీ మొదట ఆ పత్రికను తపాలాలో పంపరాదని నిషేధించెను. హికీ బంట్రోతుల చేత ఇంటింటికి పంపించెను. 1781లో పరువునష్టపు నేరమునకు చెరలో వేయగా, అచ్చటి నుండియే నెలల తరబడి పత్రికను నడిపెను. తుదకు 1782లో అతని అచ్చక్షరములను జప్తు చేసిరి. పోత పోసిన ఆ లోహపు అక్షరములు లేనిదే ఆ కాలమున ముద్రణ లేదు, పత్రిక ఆగిపోయెను.

హికీ 1802లో చైనాకు పోవు ఓడలో, పేదవాడుగనే మరణించెను. అతని పత్రిక ప్రతులు కొన్ని నేటికిని గ్రంథాలయములలో ఉన్నవి.