నడుముకు గుచ్చితే చెవికెందుకు?

వెన్నులో మత్తు తీసుకుని ఆపరేషన్ చేయించుకున్న మనిషి రెండో రోజు చెవులు దిమ్మెక్కాయంటే, ఇంటిల్లిపాదీ మత్తుమందును తిట్టిపోస్తారు. నన్నడిగితే, ఆ తిట్లలో పెద్దవాటా మందుకు కాదు, దాన్ని లోపలికి చేర్చిన సూదికి చెందాలి. జర్మనీలోని కీల్ నగరంలో 1891లో హైన్రిక్ క్వింకె నడుము పూసల మధ్య సూది దించి వెన్నుద్రవం తీసే పద్ధతిని లోకానికి చెప్పాడు. అదే ఊళ్లో 1898 ఆగస్టులో సర్జన్ ఆగస్ట్ బీర్ ఆ దారినే కొకైన్ ఎక్కించి ఆపరేషన్ చేశాడు. ఆ వెంటనే తన నడుమునే పరీక్షకు పెట్టాడు. అసిస్టెంట్ హిల్డెబ్రాంట్ చేతిలోని సిరంజి సూదికి సరిగ్గా అమరలేదు. మందు చాలావరకు ఒలికిపోయింది, వెన్నుద్రవమూ కారిపోయింది. ఈసారి హిల్డెబ్రాంట్ వంతు. ముంగాలి మీద సుత్తితో కొట్టినా అతనికి నొప్పి తెలియలేదు. బీర్ మాత్రం లేచి నిలబడితే చాలు తల పగిలిపోతుంటే రోజుల తరబడి మంచం పట్టాడు. మందు సరిగా ఎక్కని మనిషికే ఆ బాధ వచ్చిందంటే, కారిపోయిన ద్రవాన్నే అనుమానించాలి.

చెవి కథా అక్కడిదే. నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో ఉండే ద్రవానికీ వెన్నుద్రవానికీ మధ్య ఎముకలో సన్నటి కాలువ ఒకటుంది. వెన్నును చుట్టిన డ్యూరా పొరకు చిల్లుపడి ద్రవం కారుతుంటే, ఆ కాలువ ద్వారా చెవి లోపలి ఒత్తిడీ తగ్గుతుందనేది ప్రధాన వివరణ. ముందుగా దెబ్బతినేది మంద్రస్థాయి శబ్దాలే. అమెరికాలో వాండమ్, డ్రిప్స్ 10,098 స్పైనల్ మత్తుల తర్వాతి సంగతులు ఆరా తీసి 1956లో ప్రకటించినప్పుడు, చెవి ఫిర్యాదులు నూటికి ఒకటి కూడా లేవు. ఇంతోటి దానికి ఇంత రాద్ధాంతమా అనవచ్చు. కానీ అవి రోగులు తమంతట చెప్పుకున్నవి. పది డెసిబెళ్లు తగ్గితే మనిషికి తెలియకపోవచ్చు, ఆడియోమీటర్‌కు తెలుస్తుంది. 1990లో 28 మందిని ఆపరేషన్‌కు ముందూ తర్వాతా అలా పరీక్షిస్తే, లావుపాటి 22 గేజీ సూది పడినవారిలోనే వినికిడి ఎక్కువగా తగ్గింది, సన్నటి 26 గేజీ వారిలో తక్కువ. తప్పు మందుదే అయితే సూది లావుతో పనేముంది?

పూర్తి మత్తులోనూ చెవులు దెబ్బతింటాయి కదా అన్నది బలమైన అభ్యంతరమే. నైట్రస్ ఆక్సైడ్ రక్తంలో నైట్రోజన్ కంటే 34 రెట్లు ఎక్కువగా కరుగుతుంది. అందుకే మధ్యచెవిలోకి చొరబడి ఒత్తిడిని అటూ ఇటూ చేస్తుంది. గుండె ఆపరేషన్ల తర్వాత అరుదుగా ఒక చెవి హఠాత్తుగా మూగబోతే, చెవికి పోయే సన్నటి రక్తనాళంలో ఏదో అడ్డుపడిందని అనుమానిస్తారు. ఇవన్నీ నిజమే, కానీ దారులు వేరు. వాటివల్ల సూది నిర్దోషి అయిపోదు.

పైగా సూది మొన కూడా మారింది. క్వింకె మొన కోసుకుంటూ పోతుంది. 1951లో హార్ట్, విటాకర్ చెక్కిన పెన్సిల్ లాంటి మొన తెచ్చి, రంధ్రాన్ని పక్కకు పెట్టారు. అది డ్యూరా పోగులను తెంపడం కంటే పక్కకు జరపడమే ఎక్కువ. సన్నసూది వంగుతుందని, ద్రవం ఆలస్యంగా కనబడుతుందని మత్తు డాక్టర్లు విసుక్కోవడంలో న్యాయముంది. అందుకే ముందు ఓ పొట్టి, లావు సూదిని తోవకోసం దించి, అందులోంచి దీన్ని పంపుతారు. తెలంగాణలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. వాటికి మామూలుగా ఇచ్చేది నడుము మత్తే కాబట్టి, ఈ మొన గొడవ మనకు దూరపుదేమీ కాదు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం చికిత్సలో ఉంది. తలనొప్పి తగ్గనివారికి వారి చేతి నుంచే కాస్త రక్తం తీసి, చిల్లు దగ్గర డ్యూరా బయటివైపు ఎక్కిస్తారు. రక్తం గడ్డకట్టి చిల్లు మూసుకున్నాక, కొందరిలో తలనొప్పితోపాటు చెవుల దిమ్మూ వదిలిపోయింది.