చన్ను గాయం – సగం వైద్యం

మేతకు పోయిన బర్రెకు ముళ్లకంపో కంచె తీగో తగిలి చన్ను చీరుకొనటం కౌడిపల్లి ప్రాంతపు పాడి రైతులకు కొత్త కాదు. గాయం చిన్నదే. కాని చర్మం మీద, పాలు పిండేవారి చేతుల మీద ఉండే స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి అందులో చేరి చీము పట్టిస్తుంది. చన్ను రంధ్రం గుండా లోపలికి పోతే పొదుగువాపు వస్తుంది.

ఇటువంటి క్రిములను చంపుటకే యాంటీబయాటిక్ మందులు వచ్చినవి. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నాడు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. అయితే చాలీచాలని మోతాదు వాడితే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయని 1945లోనే, నోబెల్ ఉపన్యాసంలో, ఫ్లెమింగ్ హెచ్చరించాడు.

మన ఇండ్లలో జరుగుతున్నది అదే. ఒక సూదితో వాపు తగ్గగానే రెండవ దానికి డబ్బెందుకని ఊరుకుంటారు. అప్పటికి చచ్చినవి బలహీనమైన క్రిములు మాత్రమే. పెన్సిలిన్‌ను విరగగొట్టే ఎంజైమును తయారుచేయగల క్రిములు మిగిలి, అవే పెరుగుతాయి. పిండే చేతులతో పక్క బర్రెకు, ఒక్కొక్కసారి ఇంటివారికి కూడా అంటుకుంటాయి. మరుసారి అదే మందు పనిచేయదు.

పైపై గీతకు సూది అక్కరలేదు. మంచినీటితో కడిగి అయోడిన్ మందు పూసిన చాలును. లోతుగా తెగి గాయం నుండి పాలు కారుచున్నచో ఆ రోజే పశువుల దవాఖానకు తీసుకొనిపోవలెను. పొదుగువాపు అయితే మందు వేయక ముందే పాల నమూనా పరీక్షకు ఇవ్వటం మేలు. ఏ మందుకు క్రిమి లొంగునో తెలుస్తుంది. జబ్బు బర్రెను చివర పిండవలెను.

మందు వాడినది ఒక్క చన్నుకే అయినా నాలుగు చన్నుల పాలు సంఘానికి పోయరాదు. మరగబెట్టినంత మాత్రాన మందు పోదు. ఆ పాలు కలిస్తే పెరుగు సరిగా తోడుకోదు. దూడకూ త్రాపరాదు. ఎన్ని రోజులు ఆపవలెనో డాక్టరు చేత చీటీపై వ్రాయించుకొనవలెను.

నాలుగు రోజులు పాలు ఆపితే ఇల్లు గడవటం కష్టమని, దాచిపెట్టి పోయటానికి కారణం అదేనని ఎరుగుదుము. ఓటు హక్కుకు కనీస పోత దినాలు లెక్కించే సంఘాలు, డాక్టరు చీటీ చూపిన సభ్యునికి ఆ రోజులు నష్టం కాకుండా చూచే విషయాన్ని పాలకవర్గ సమావేశపు ఎజెండాలో చేర్చి చర్చించవచ్చును.