విమర్శార్థక జాతీయాలు, సంయుక్త క్రియలు: మందమర్రి బొగ్గుగని వ్యవహారం

ఒకరి తప్పును ఎత్తిచూపడానికి తెలుగులో 'విమర్శించు' అనే క్రియ ఉన్నప్పటికీ నిత్యవ్యవహారంలో దాని వినియోగం స్వల్పం. తూర్పారబట్టడం, ఏకిపారవేయడం, ఉతికి ఆరవేయడం, దుమ్మెత్తిపోయడం, అక్షింతలు వేయడం వంటి పలుకుబళ్లే ఆ పనిని నిర్వహిస్తాయి. మంచిర్యాల జిల్లాలోని మందమర్రి వంటి సింగరేణి ప్రాంతంలో వీటి సరసన గని పరిపాలన తెచ్చిన పదజాలం కూడా నిలిచింది. ఈ రెండింటి స్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆంగ్లంలో 'టెల్ ఆఫ్', 'టేర్ అపార్ట్' వంటివి క్రియకు ఒక చిన్న అవ్యయం చేరగా ఏర్పడినవి. తెలుగులో ఆ పనిని అనుప్రయుక్త క్రియ చేస్తుంది. 'ఏకిపారవేయు'లో 'ఏకు' దూదిని ఏకడం. 'పారవేయు' మాత్రం విసరివేయడమనే అర్థాన్ని వదులుకొని తీవ్రతను, సంపూర్ణతను సూచిస్తుంది. 'పిక్ హోల్స్'కు 'రంధ్రాన్వేషణ' అక్షరాలా సరిపోతుంది. అయినా లేని లోపాన్ని వెదకడమనే ఎత్తిపొడుపు 'కోడిగుడ్డుకు ఈకలు పీకడం'లోనే పలుకుతుంది.

ఈ క్రియలలో అధికభాగం శుభ్రపరచే పనుల నుండి వచ్చినవే. తూర్పారబట్టడం అంటే ధాన్యాన్ని గాలివాటున ఎత్తు నుండి జారవిడిచి పొల్లును వేరుచేయడం. అంటే గింజ మిగలాలి. నేటి వార్తాశీర్షికలలో ఈ మాట కనబడిన చోట గింజ మిగిలిన జాడ అరుదు. దీనికి 'దుమ్మెత్తిపోయు' పర్యాయం కాదు. మొదటిది మాలిన్యాన్ని తొలగిస్తుంది, రెండవది పూస్తుంది. నిఘంటువులు రెండింటినీ 'తీవ్రంగా విమర్శించు' అని ఒకే గాట కట్టడం సమంజసం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలదే. ఇటువంటి జాతీయాల మూలాలను వెదకవలసింది అటువంటి వృత్తి పదకోశాలలోనే. 'అక్షింతలు', 'తలంటు' దారి వేరు. అవి ఆశీస్సును, ఆప్యాయతను వ్యంగ్యంగా తిప్పిన మాటలు. కనుకనే పెద్దవారు చిన్నవారికి అక్షింతలు వేస్తారే కాని చిన్నవారు పెద్దవారికి వేయరు.

మందమర్రి కార్మికుల వాడుకలో గని 'బాయి'. నైజాం రాజ్యంలో ఉర్దూ పరిపాలనా భాష కావడం వల్ల 'ఇజ్జత్ తీసుడు', 'బద్నాం చేసుడు' వంటివి తెలంగాణ పలుకులో సహజంగా ఇమిడిపోయాయి. 'ఏకిపారవేయు' తిట్టేవాని చేతను చెబితే 'ఇజ్జత్ తీసుడు' తిట్టుపడినవాడు కోల్పోయినదాన్ని చెబుతుంది. భూగర్భంలో ఆధారం లేని పైకప్పు కిందికి వెళ్లినవానిపై సర్దారో ఓవర్‌మ్యానో మండిపడితే ఆ కటువుతనం ప్రాణరక్షణ కోసమే. ఆ మాట షిఫ్టుతో ముగిసిపోవచ్చు.

చార్జిషీటు అట్లా ముగియదు. 2025 వరకు అమలులో ఉన్న 1946 నాటి పారిశ్రామిక ఉపాధి స్థాయీ ఉత్తర్వుల చట్టం కింద దుష్ప్రవర్తనగా పరిగణించే పనులను ముందుగానే పేర్కొనేవారు. సెలవు లేని అలవాటైన గైర్హాజరు వాటిలో ఒకటి. కార్మికుని నోట అది 'నాగా'. జ్వరమో, ఇంట్లో చావో, వరికోతలో ఆ మాట వెంటే వస్తాయి. కాగితం మీద 'గైర్హాజరు' అనే మాటకు అటువంటి తోడు లేదు; మస్టర్ల లెక్క మాత్రమే ఉంది. గైర్హాజరు కారణంగా సింగరేణిలో ఉద్యోగాలు కోల్పోయినవారున్నారు. నాగాను గైర్హాజరుకు జవాబుగా మార్చి వ్రాయగలగడం అక్కడ జీతానికి సంబంధించిన విషయం.

వ్యాకరణం సైతం ఈ తేడాను పట్టిస్తుంది. చీవాట్లు 'తింటారు', అక్షింతలు 'పడతాయి'. చార్జిషీటు తినేది కాదు, 'ఇచ్చిండ్రు' అనే క్రియతో వస్తుంది. ఇచ్చినవారెవరో వాక్యంలో తరచుగా ఉండదు. దానికి ప్రతిగా కార్మికుడు వ్రాసే 'సంజాయిషీ'కి మాత్రం కర్త పేరు, సంతకం, తేదీ తప్పనిసరి.