పుట్టగొడుగుకు చిరునామా

తొలకరి వానలు కురిసిన తరువాత చెదల పుట్టలపై తెల్లని గొడుగులు విచ్చుకొనుట ఆళ్లగడ్డ, అహోబిలము ప్రాంతపు శ్రోతలకు క్రొత్త కాదు. వానికి పుట్టగొడుగులని పేరు పెట్టిన మన పెద్దలు ఒక్క మాటలో రూపమును, నివాసమును గూడ చెప్పిరి. పుట్టలోపల చెదపురుగులు తాము తిన్న ఎండుటాకులు, కొయ్యల పిప్పితో తుట్టెలు కట్టును. ఆ తుట్టెలపై పెరుగు టెర్మిటోమైసీస్ అను శిలీంధ్రము, పురుగులకు అరగని పదార్థమును వానికి ఆహారముగా మార్చును. మనకు కనబడు గొడుగు ఆ శిలీంధ్రపు ఫలము. ఏ జీవి ఎచ్చట, దేనితో పొత్తు కలిపి బ్రతుకుచున్నదో తెలుపునదే జీవావరణ శాస్త్రము.

అన్ని పొత్తులును మేలుచేయవు. నంద్యాల చుట్టునున్న నల్లరేగడి భూములలో శనగ పైరు నేలలో మిగిలిన తేమతోనే పండును. దానికి ఎండు తెగులు కలిగించునదియు శిలీంధ్రమే. ఫ్యుజేరియము అను ఆ శిలీంధ్రము వేరుగుండ చొచ్చి, నీరు పైకి పోవు నాళములను పూడ్చివేయును. నేలలో తడి ఉండగనే మొక్క తల వాల్చును. కాండమును నిలువున చీల్చినచో లోపల నల్లని చార కనబడును.

1972లో పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థలో ఎం. పి. హవారే, వై. ఎల్. నేనే అను శాస్త్రజ్ఞులు దేశపు పలుచోట్లనుండి ఈ శిలీంధ్రమును సేకరించి, వేరువేరు శనగ రకములపై పరీక్షించి, దానిలో నాలుగు తెగలున్నవని 1982లో ప్రకటించిరి. హైదరాబాదు తెగను తట్టుకొన్న రకము హిస్సారు తెగకు లొంగిపోవచ్చును. శనగ వేయకున్నను ఈ శిలీంధ్రము నేలలో ఆరేండ్లు బ్రతికియుండగలదని 1996లో వెలువడిన వారి పరిశోధన తెలిపినది. కావున ఒకటి రెండేండ్లు పైరు మార్చినంతమాత్రమున బెడద తీరదు. ఆ చోటి తెగను తట్టుకొను విత్తనము కావలెను. అందుకు ఎచ్చట ఏ తెగ ఉన్నదో ముందు తెలియవలెను.

ప్రపంచమున ఇంతవరకు పేరుపొందిన శిలీంధ్రములు సుమారు లక్షన్నర. 2017లో వేసిన అంచనా ప్రకారము ఉన్నవి 22 నుండి 38 లక్షలు. మన దేశమున 27,000కు పైగా నమోదైనవని ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆచార్య సి. మనోహరాచారి ప్రభృతులు 2005లో వ్రాసిరి. అయినను పేరొక్కటే చాలదు. ఏ ఊర, ఏ తేదీన, దేనిపై, ఎవరు చూచిరి, నమూనా ఎచ్చట దాచిరి అను వివరములు లేని పేరు, చిరునామా లేని ఉత్తరము వంటిది. ఆ వివరములు ఒకరి బీరువాలో ఉన్నను పొలమున నిలిచిన రైతుకు అందవు. అందుకే 2001లో ఏర్పడిన ప్రపంచ జీవవైవిధ్య సమాచార సంస్థయు, 2008లో ఆరంభమైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టలును ఇట్టి నమోదులను రుసుము లేకయే అందరి ముందుంచుచున్నవి.

అయితే ఒక హెచ్చరిక. పటములో చుక్క లేని చోట శిలీంధ్రము లేదని తలంపరాదు. అచ్చట చూచి వ్రాసినవారు లేకపోయి ఉండవచ్చును. తెగను నిర్ణయించుట ప్రయోగశాల పని. చోటును, తేదీని వ్రాసి ఉంచుట మనలో ఎవరైనను చేయగల పని. పుట్టగొడుగు కనబడినపుడు ఛాయాచిత్రము తీసి ఆ రెండును చేర్చుడు. గుర్తు తెలియనిదానిని మాత్రము తినకుడు. శనగ మొక్క వాడినపుడు వేరుతో పెరికి, నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానపు నిపుణులకు చూపుడు. ఏ సర్వే నెంబరు పొలమో చెప్పుట మరువకుడని మా మనవి.