సముద్రం అడుగున నాలుగు అంకెలు

1944 జులై 31 ఉదయం 8.45కి కోర్సికా దీవిలోని బోర్గో విమానస్థావరం నుంచి ఒక పి-38 విమానం ఒంటరిగా లేచింది. నడుపుతున్నది ఆంత్వాన్ ద సెంతెగ్జుపెరీ. ప్రపంచమంతా పిల్లలూ పెద్దలూ చదివే ‘లిటిల్ ప్రిన్స్’ రచయిత ఆయనే. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. ఆ విమానం నడపడానికి ఆ వయసు ఎక్కువే అయినా, పట్టుబట్టి అనుమతి తెచ్చుకున్నారు. విమానంలో తుపాకులు లేవు, వాటి బదులు కెమెరాలున్నాయి. జర్మన్ల చేతిలో ఉన్న ఆగ్నేయ ఫ్రాన్స్‌ను ఆకాశం నుంచి ఫొటోలు తీసి రావడం ఆయన పని. ఇంధనం అయిపోయే వేళ దాటినా విమానం తిరిగి రాలేదు.

ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా ఊహలే మిగిలాయి. ఆల్ప్స్ కొండల్లో కూలిందన్నారు, సముద్రంలో పడిందన్నారు, ఆత్మహత్య చేసుకున్నారని కూడా కొందరు రాశారు. ఎవరి దగ్గరా ఆధారం లేదు.

1998లో మార్సెయ్ దగ్గర, రియూ దీవి సమీపంలో, ఒక జాలరి వలలో చేపలతో పాటు నల్లబడిన వెండి కంకణం పడింది. పైన పట్టిన గట్టి పొరను తీసి చూస్తే ఆయన పేరు, భార్య కాన్సువేలో పేరు, న్యూయార్క్‌లో ఆయన పుస్తకాలు వేసిన రేనల్ అండ్ హిచ్‌కాక్ సంస్థ చిరునామా కనిపించాయి. ఇక అంతా తేలిపోయిందని మనకు అనిపిస్తుంది. పరిశోధకులకు మాత్రం అది చాలలేదు. అడుగును ఈడ్చుకుంటూ పోయే వలలో వచ్చిన వస్తువు సరిగ్గా ఎక్కడ పడి ఉండేదో చెప్పడం కష్టం. కంకణం నకిలీదన్నవాళ్లు కూడా ఉన్నారు. ఒకవేళ అది ఆయనదే అయినా, విమానం ఎక్కడుందో అది చెప్పదు.

2000లో లూక్ వాన్రెల్ అనే గజ ఈతగాడు ఆ ప్రాంతంలోనే, సుమారు 80 మీటర్ల లోతున, పి-38 శకలాలను గుర్తించాడు. ఆ లోతులో మామూలు గాలి పీలుస్తూ పనిచేయడం ప్రమాదం. ఒత్తిడి పెరిగేకొద్దీ గాలిలోని నైట్రోజన్ మెదడును మత్తులో ముంచుతుంది. పైకి వచ్చేటప్పుడు మజిలీలు చేస్తూ నెమ్మదిగా రాకపోతే, ఒంట్లో కరిగిన వాయువు బుడగలై ప్రాణం తీస్తుంది. అందుకే అడుగున వెతకడానికి దొరికేది కొద్ది నిమిషాలే.

పి-38 అని తెలిస్తే సరిపోదు. ఆ తీరంలో కూలిన పి-38లు ఇంకా ఉన్నాయి. వాటిలో ఇది ఏది? 2003లో కొన్ని భాగాలను పైకి తీశారు. విమానాల్లో వాడే అల్యూమినియం మిశ్రమం ఉప్పునీటిలో ఉక్కుకు తగులుతూ ఉంటే బ్యాటరీలో లాగే విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది. రంగుతో రాసిన గుర్తులు ఎప్పుడో పోతాయి. సుత్తితో అచ్చు కొట్టిన అంకెలు అలా కాదు. అవి లోహంలోకే దిగి ఉంటాయి కాబట్టి పైపొర కొంత పోయినా జాడ మిగులుతుంది. ఇక్కడ శుభ్రం చేసిన ఒక రేకు మీద అలాంటి అచ్చే బయటపడింది: 2734, పక్కన ఎడమవైపును సూచించే ‘ఎల్’ అక్షరం. లాక్‌హీడ్ కర్మాగారం తన తయారీ క్రమంలో వేసుకున్న సంఖ్య అది. అమెరికా సైన్యం రికార్డుల్లో ఆ సంఖ్యకు ఎదురుగా ఉన్న విమానం 42-68223. ఆ రోజు సెంతెగ్జుపెరీ ఎక్కింది దాన్నే. 2004 ఏప్రిల్‌లో ఫ్రెంచి ప్రభుత్వ సముద్ర పురావస్తు విభాగం ఈ సంగతిని ప్రకటించింది.

ఏ విమానమో, ఎక్కడ పడిందో తేలింది. ఎలా పడిందన్నది తేలలేదు. దూరదూరంగా చెదిరిన ముక్కలను బట్టి అది చాలా వేగంగా, దాదాపు నిట్టనిలువుగా నీటిని ఢీకొట్టి ఉండాలని పరిశీలకులు భావించారు. దొరికిన ముక్కల మీద తూటా గుర్తులు లేవు. దాన్నిబట్టి ఎవరూ కాల్చలేదని చెప్పలేం, ఎందుకంటే బయటికి తీసింది విమానంలో కొద్ది భాగమే. చాలా ఎత్తున ఎగిరేటప్పుడు ఆక్సిజన్ గొట్టం మొరాయిస్తే పైలట్ తనకు తెలియకుండానే స్పృహ తప్పుతాడు. పి-38కి మరో చిక్కు కూడా ఉండేది. నిటారుగా దూకుతూ ధ్వనివేగానికి దగ్గరయ్యేసరికి రెక్కల మీద గాలి ప్రవాహం మారిపోయి ముక్కు ఇంకా కిందికి వాలేది, పైలట్ ఎంత లాగినా పైకి లేచేది కాదు. వీటిలో ఏది జరిగినా చివరికి మిగిలే శకలాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

దగ్గర్లోనే ఒక జర్మన్ ఇంజిన్ దొరికినప్పుడు, రెండు విమానాలూ ఆ రోజు తలపడ్డాయేమోనని ఆశ పుట్టడం సహజం. తీరా ఆరా తీస్తే అది అంతకుముందు ఏడాది, 1943లో కూలిన విమానానిది. ఒకే చోట ఉన్నంత మాత్రాన ఒకే రోజు పడ్డట్టు కాదు. అయితే ఆ ఇంజిన్ గురించి పాత పైలట్లను వాకబు చేస్తూ పోతే హోర్స్ట్ రిప్పెర్ట్ అనే మాజీ జర్మన్ పైలట్ తేలాడు. ఆ రోజు సెంతెగ్జుపెరీ విమానాన్ని కాల్చింది తానేనని 2008లో చెప్పాడు. తాను ఆ రచయిత అభిమానినని కూడా అన్నాడు. ఆ మాటను బలపరిచే నాటి జర్మన్ రికార్డు మాత్రం దొరకలేదు. నా మటుకు నేను ఆ వాంగ్మూలాన్ని రుజువుగా లెక్కవేయను. అరవై ఏళ్లు దాటిన జ్ఞాపకం నిజాయితీగా కూడా పొరబడగలదు. రచయిత ఎవరో, యుద్ధమేమిటో పట్టించుకోకుండా ఒక కార్మికుడు కర్మాగారంలో కొట్టిన అంకెల్లో అభిమానమూ లేదు, పశ్చాత్తాపమూ లేదు.

అలాంటి అంకెలు మన ఇళ్లలోనూ ఉండవచ్చు. రెండో ప్రపంచయుద్ధానికి మన తెలుగు జిల్లాల నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి తాతగారి పతకమో, పే బుక్కో ఉంటే ముందు చూడాల్సింది సర్వీసు నంబరు. మన ఇంటిపేర్లనూ పేర్లనూ ఆనాటి గుమాస్తాలు ఇంగ్లీషులో ఒక్కోచోట ఒక్కోలా రాశారు, నంబరు అలా మారదు. పతకం అంచు మీద అది చెక్కి ఉండవచ్చు. తళతళలాడాలని తోమి అరగదీయకండి, ముందు నంబరు రాసిపెట్టుకోండి. యుద్ధంలో చనిపోయినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాల్లో ఉచితంగా వెతకవచ్చు.