ఐపీ పెట్టినవాళ్లంతా దొంగలేనా?

‘ఫలానా ఆయన ఐపీ పెట్టాడట!’

పొద్దున టీకొట్టు దగ్గర ఈ మాట పుడితే మధ్యాహ్నానికి ఊరంతా పాకుతుంది. అప్పిచ్చినవాళ్లు బీరువాలు తెరిచి ప్రోనోట్ల మీద తేదీలు చూసుకుంటారు. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందన్న సంగతి చదువు రానివాళ్లకూ తెలుసు. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. ‘నాకున్నది ఇంత, అప్పులు ఇన్ని, ఇక తీర్చలేను’ అని కోర్టు ముందు ఒప్పుకునే దరఖాస్తు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ఇచ్చిన హక్కు అది. మన ఊళ్లలో మాత్రం ఆ రెండక్షరాలకు ‘ఎగ్గొట్టాడు’ అన్న అర్థమే మిగిలింది.

అమెరికాలో ఒక లా ప్రొఫెసర్ కూడా మొదట అలాగే అనుకున్నారు. ఆమె ఎలిజబెత్ వారెన్. ఇప్పుడు సెనేటర్‌గా ప్రపంచానికి తెలిసిన ఆమె, అంతకుముందు మూడు దశాబ్దాలకు పైగా లా కాలేజీల్లో పాఠాలు చెప్పారు. దివాలా చట్టం ఆమె సబ్జెక్టు. కోర్టుకెక్కేవాళ్లలో చాలామంది మోసగాళ్లేనని, వాళ్ల గుట్టు బయటపెట్టాలని 1980ల తొలినాళ్లలో పరిశోధనకు దిగారు. తెరెసా సలివన్, జే వెస్ట్‌బ్రూక్ ఆమెకు తోడయ్యారు. జెరాక్స్ యంత్రాన్ని విమానంలో వెంటబెట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగారు. ఇల్లినాయిస్, పెన్సిల్వేనియా, టెక్సస్ రాష్ట్రాల్లో 1981లో నమోదైన సుమారు 1,500 దివాలా కేసుల కాగితాలు తిరగేశారు.

ఆ కాగితాల్లో దొంగలు దొరకలేదు. ఉద్యోగం ఊడినవాళ్లు, జబ్బు పడ్డవాళ్లు, విడాకులతో సంసారం రెండు ముక్కలైనవాళ్లు దొరికారు. చదువుకుని, కొలువు చేసి, సొంతిల్లు కొనుక్కున్న మధ్యతరగతి మనుషులు. ముగ్గురూ కలిసి ఆ సంగతులతో 1989లో పుస్తకం తెచ్చారు.

ఆ మనుషులు వారెన్‌కు కొత్త కాదు. ఓక్లహోమాలో ఆమెకు పన్నెండేళ్ల వయసప్పుడు తండ్రికి గుండెపోటు వచ్చింది. రాబడి పడిపోయింది. కారు పోయింది. ఇక పోవాల్సింది ఇల్లే. ఒకరోజు తల్లి మంచం మీద తన మంచి నల్లగౌను పరుచుకుంది. ఏడుస్తూనే దాన్ని వేసుకుని, ఎత్తుమడమల చెప్పులు తొడుక్కుని, సియర్స్ దుకాణానికి నడిచివెళ్లింది. అప్పటికామెకు యాభై ఏళ్లు. కనీస వేతనం మీద ఫోన్లు ఎత్తే ఉద్యోగం దొరికింది. ఇల్లు నిలబడింది. తల్లిని ఆ గౌనులో చూసిన ఆ పిల్లే పెద్దయ్యాక అప్పుల చట్టాన్ని జీవితకాలపు పనిగా పెట్టుకుంది.

2003లో కూతురు అమీలియా త్యాగితో కలిసి ఆమె రాసిన ‘ద టూ ఇన్‌కమ్ ట్రాప్’ ఇంకో నమ్మకాన్ని కదిలించింది. భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తే ధీమా పెరగాలి కదా! పిల్లలున్న కుటుంబాలే ఎక్కువగా దివాలా తీస్తున్నాయని ఆమె తేల్చారు. మంచి బడి ఉన్నచోట ఇల్లు కావాలని అందరూ పోటీపడటంతో ఇళ్ల ధరలు పెరిగాయి. రెండో జీతం వాయిదాలకే సరిపోయింది. ఒకరి ఉద్యోగం పోతే ఆదుకునే దారి లేకుండాపోయింది. పిల్లాడి సీటు కోసం సొంత ఊరొదిలి కాలేజీ పక్కన కాపురం పెట్టిన తెలుగు తల్లిదండ్రులకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడే డబ్బు సంగతి రాజకీయంలోకి వచ్చింది. దివాలా చట్టాన్ని బిగించాలని బ్యాంకులు, క్రెడిట్ కార్డు కంపెనీలు ఏళ్ల తరబడి ఒత్తిడి తెచ్చాయి. వారెన్ దశాబ్దంపాటు ఎదురు నిలిచారు. 2005లో ఆ చట్టం రానే వచ్చింది. ఓడినా ఆమె ఊరుకోలేదు. 1980 నాటికి ఒకటిన్నర పేజీ ఉన్న కార్డు ఒప్పందం ముప్పై పేజీలకు ఎందుకు పెరిగిందని అడిగారు. 2007లో రాసిన వ్యాసంలో రొట్టెలు కాల్చే టోస్టర్‌ను ఉదాహరణగా తీసుకున్నారు. అయిదింటిలో ఒకటి అంటుకుని ఇల్లు తగలబెట్టే టోస్టర్‌ను ఎవరూ అమ్మనివ్వరు. కుటుంబాన్ని వీధిన పడేసే ముప్పు అంతే ఉన్న గృహరుణాన్ని మాత్రం ఎవరైనా అమ్మొచ్చు. ఏడాది తిరిగేసరికి ఆ రుణాలే ప్రపంచాన్ని కుదిపేశాయి. ఆమె కోరిన వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థకు 2010లో చట్టం వచ్చింది. 2011 జులైలో అది పని మొదలుపెట్టింది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం అదే సంస్థను పని ఆపమని ఆదేశించింది.

ఈ కథ మనకు దూరంది కాదు. సూక్ష్మరుణాల వసూళ్లు ప్రాణాల మీదికి వచ్చినప్పుడు, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం గుమ్మం ముందు కూర్చునే వసూళ్లను ఆపి, నెలవారీ కిస్తీలు పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే కట్టించుకోవాలంది. పదేళ్లకు వసూలుదారు ఫోన్‌లోకి దూరాడు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తెలంగాణలో ఆత్మహత్యలకు దారితీశాయి.

ఆ తరహా అప్పును మన ఊరి లెక్కలో వేసి చూడాలి. పదివేల అప్పులో రెండువేలు ముందే కోసుకుని ఎనిమిదివేలు చేతికిచ్చి, వారంలో పదివేలు కట్టమన్నారనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీకే ‘అమ్మో’ అనే మనిషి ఇక్కడ నెలకు నూటికి వంద దాటిన వడ్డీ కడుతున్నాడు. ఎవరూ అలా చెప్పకపోవడం వల్లే అతనికి అది తెలియలేదు.

అప్పు తీరని మనిషికి మన చట్టంలో దారి లేదా అంటే, రాసి ఉంది. 2016 నాటి దివాలా స్మృతిలో పేదల కోసం ‘ఫ్రెష్ స్టార్ట్’ అనే అధ్యాయం పెట్టారు. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అర్హమైన అప్పులు 35 వేలు మించనివాళ్లు, సొంతిల్లు లేనివాళ్లు ఆ అప్పుల నుంచి బయటపడొచ్చు. కానీ ఆ అధ్యాయాన్ని అమల్లోకి తేలేదు. వ్యక్తుల దివాలాకు సంబంధించి 2019 డిసెంబరులో అమలుకు నోచుకున్నది కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ల భాగమే. కూలీకి, చిన్న దుకాణదారుకు ఇప్పటికీ ఆ 1920 చట్టమే గతి.

అప్పిచ్చినవాళ్ల బాధ తక్కువదని కాదు. మన దగ్గర ప్రోనోటు పట్టుకుని తిరిగేది చాలాసార్లు రిటైరైన మాస్టారో, కూతురి పెళ్లికి దాచుకున్న సొమ్ము వడ్డీకి ఇచ్చిన తల్లో అయి ఉంటుంది. ఐపీ నోటీసు ఆ ఇంటి పొయ్యినీ ఆర్పేస్తుంది. అందుకే ఎగ్గొట్టేవాణ్ని, చితికిపోయినవాణ్ని వేరుచేసి చూసే చట్టం అప్పిచ్చినవాళ్లకూ, తీసుకున్నవాళ్లకూ కావాలి.

ఒక మంచి మార్పు మాత్రం వచ్చింది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబరు నుంచి వ్యక్తులు, చిన్న సంస్థలు తీసుకునే కొత్త రుణాలకు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇవ్వాలి. రుసుములన్నీ కలిపి ఏడాదికి అసలు పడే వడ్డీ ఎంతో అందులో ఒక్క అంకెగా ఉండాలి. అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో రాయాలి, విడమరచి చెప్పాలి. వారం, అంతకు మించిన అప్పయితే ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల గడువుండాలి. బ్యాంకులో సంతకానికి పెన్ను అందించినప్పుడు ‘ఆ కాగితం తెలుగులో ఇవ్వండి’ అని అడిగే హక్కు ఇప్పుడు మన చేతిలో ఉంది. దాన్ని ఇంటికి తెచ్చుకుని, ఆ ఏడాది వడ్డీ అంకెను పన్నెండుతో భాగిస్తే నూటికి నెలకు ఎన్ని రూపాయలో తేలిపోతుంది.