ఆలోచించే తీరును బొమ్మకట్టిన మసాహికో సాతో

పసిపిల్లల విద్యా కార్యక్రమం అనగానే అక్షరాలు, అంకెలు, రంగుల పేర్లు, పళ్లు తోముకోవడం వంటి మంచి అలవాట్లు నేర్పే పాటలూ బొమ్మలూ గుర్తుకు రావడం సహజం. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె 2002 ఏప్రిల్‌లో తన విద్యా ఛానెల్‌లో ప్రారంభించిన ‘పితాగొరా స్విచ్’ మాత్రం, నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలను ఉద్దేశించినదే అయినా, వీటి జోలికి పెద్దగా పోదు. ఒక పని వెంట మరో పని ఎలా జరుగుతుంది, వేరువేరుగా కనిపించే వాటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటి, ఒక వస్తువు ఆ ఆకారంలోనే ఎందుకు ఉంది అన్న ప్రశ్నలను యానిమేషన్‌గా, బొమ్మలాటగా, వ్యాయామంగా మలిచి కళ్లముందు పెట్టడమే దాని పని. పేరు గ్రీకు గణితవేత్త పైథాగరస్‌ను తలపించినా లెక్కలు చెప్పే కార్యక్రమం కాదది. దీన్ని మసూమి ఉచినోతో కలిసి రూపొందించిన మసాహికో సాతో బడిపంతులుగా గాని, కార్టూనిస్టుగా గాని జీవితం మొదలుపెట్టినవారు కారు. చిరుతిళ్ల ప్రకటనలు తీసి పేరు తెచ్చుకున్నవారు.

సాతో 1954లో షిజువోకా ప్రాంతంలో పుట్టి, టోక్యో విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం చదివి, జపాన్‌లోని అతిపెద్ద ప్రకటనల సంస్థ డెంట్సులో చేరారు. ప్రకటనలు రాసే విభాగంలోకి ఆలస్యంగా అడుగుపెట్టిన ఆయన, తనకు నచ్చిన ప్రకటనలన్నిటినీ పోగుచేసి, అవి ఎందుకు నచ్చాయో విడదీసి చూసి, వాటన్నిటిలో పనిచేస్తున్న సూత్రాలను పట్టుకుని, ఆ సూత్రాలతోనే కొత్తవి తయారుచేయడం అలవాటు చేసుకున్నారు. దృశ్యం కంటే ముందు శబ్దాన్ని ఆలోచించడం అందులో ఒకటి. కోయికెయా కంపెనీ చిరుతిళ్లకు ఆయన తీసిన ప్రకటనలను పిల్లలు నోటికి పట్టేశారు. పదిహేను సెకన్లలో ఒక్క మాట కూడా వృథా కాకుండా విషయాన్ని చేరవేసే ఆ నేర్పే తర్వాతి కాలంలో పిల్లల కార్యక్రమాలకు పెట్టుబడి అయింది. ఈ కార్యక్రమాల రహస్యమంతా విద్యాశాస్త్రంలో కంటే ఇక్కడే ఎక్కువగా ఉందనడం తప్పు కాదు.

1994లో సొంత సంస్థ పెట్టుకున్న సాతో 1997లో ప్లేస్టేషన్ కోసం ‘ఐ.క్యూ.’ అనే వీడియో గేమ్‌ను రూపొందించారు. 1999లో ఎన్‌హెచ్‌కె పసిపిల్లల కార్యక్రమం కోసం ఆయన, ఉచినో కలిసి కూర్చిన ‘దాంగో ముగ్గురన్నదమ్ములు’ అనే పాట, మన ఉండ్రాళ్లను పోలిన బియ్యప్పిండి ఉండలు మూడు ఒకే పుల్లకు గుచ్చుకుని అన్నదమ్ముల్లా కబుర్లాడుకునే చిన్న యానిమేషన్‌తో వచ్చి, దాదాపు 29 లక్షల డిస్కులు అమ్ముడుపోయేంతగా దేశాన్ని ఊపేసింది. అదే ఏడాది ఆయన కెయో విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ‘పితాగొరా స్విచ్’ రూపకల్పనలో ఆయన దగ్గర చదివిన విద్యార్థుల చేయి కూడా ఉంది.

కార్యక్రమంలో లోకమంతటా పేరుపొందిన భాగం ‘పితాగొరా యంత్రం’. వాలుగా పెట్టిన స్కేలు మీద గోళీ దొర్లి, నిలబెట్టిన పుస్తకాన్ని పడగొడితే, ఆ పుస్తకం పక్కదాన్ని తోసి, చివరిది పెన్సిలును కదిలిస్తే, పెన్సిలు ఒక దారాన్ని వదిలి, ఆ దారానికి వేలాడుతున్నది కిందికి జారి, ఆఖరున కార్యక్రమం పేరు రాసిన చిన్న జెండా లేస్తుంది. వాడే వస్తువులన్నీ ఇంట్లో దొరికేవే, చిత్రీకరణ మధ్యలో కోత లేకుండా సాగేదే. కారణం నుంచి కార్యం పుట్టడాన్ని పిల్లవాడు ఏ వ్యాఖ్యానమూ లేకుండా కంటితో వెంబడిస్తాడు. ఒక గోళీ పక్కకు తప్పితే మొత్తం మళ్లీ పేర్చవలసిందే కాబట్టి, అర నిమిషం ఆట వెనుక ఎంతో ఓపిక ఉంటుంది.

మరింత చమత్కారమైనది ‘అల్గారిథమ్ వ్యాయామం’. ఒక పనిని పూర్తిచేయడానికి తప్పకుండా పాటించవలసిన చర్యల వరుసను గణితంలోనూ కంప్యూటర్ శాస్త్రంలోనూ అల్గారిథమ్ అంటారు. ఇద్దరు హాస్యనటులు ముందు విడివిడిగా కొన్ని కదలికలు చేస్తారు. ఒకరు చేతిని పక్కకు విసురుతారు, మరొకరు తల వంచుతారు. విడిగా చూస్తే రెండూ అర్థంలేని చేష్టలే. ఇద్దరూ పక్కపక్కన నిలబడి అవే కదలికలు చేసినప్పుడు, విసిరిన చేయి సరిగ్గా వంచిన తల మీదుగా పోతుంది. దీని నడక రూపంలో అందరూ ఒకే వరుస కదలికలను ఒక్కో అడుగు ఆలస్యంగా మొదలుపెడతారు కాబట్టి, ఒకరు గాలి కొట్టే పంపు నొక్కుతుంటే ముందున్నవారు గాలి నిండినట్టు ఎగురుతారు. ఒకే సూత్రాన్ని సమయం మార్చి పాటిస్తే సంబంధాలు వాటంతటవే పుడతాయన్న విషయాన్ని పాఠంగా చెప్పాలంటే పెద్దలకే కష్టం.

యానిమేషన్ భాగాల్లోనూ ఇదే పొదుపు కనిపిస్తుంది. ‘ఫ్రేమీ’లో కుక్క సహా పాత్రలన్నీ చతురస్రం, వృత్తం, త్రిభుజం వంటి ఆకారాల గీతలతోనే ఏర్పడతాయి, మరో బొమ్మలో పది పుల్లలే అటూ ఇటూ జరిగి రకరకాల రూపాలు కడతాయి. రంగులతో హోరెత్తించి పిల్లల చూపును కట్టిపడేయడం నేడు మామూలైపోగా, సాతో తీసివేయగలిగినదంతా తీసివేసి, మిగిలిన కొద్దిపాటి గీతలను కుక్కగా పోల్చుకునే పనిని పిల్లలకే వదిలేశారు. వివరణ చివరి మెట్టుకు ముందే ఆగిపోవడమే ఆయన బోధనాపద్ధతిలో అసలు బలం.

2005లో ఆయన పూర్వ విద్యార్థులు ‘యూఫ్రటీస్’ అనే సృజన బృందంగా ఏర్పడ్డారు. 2006 నుంచి టోక్యో కళా విశ్వవిద్యాలయంలో బోధించిన సాతోకు 2013లో ప్రభుత్వం ఊదా రిబ్బను పతకం ఇచ్చింది. 2020లో జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో ప్రోగ్రామింగ్ బోధన తప్పనిసరి అయింది. ఆ దశకు తగినట్టు ఆయన పర్యవేక్షణలో వచ్చిన ‘తెకిషికో’ కార్యక్రమం కంప్యూటర్ ముట్టకుండానే ఆ తరహా ఆలోచనను అలవాటు చేస్తుంది. 2025లో యొకొహామా కళా ప్రదర్శనశాల ఆయన నాలుగు దశాబ్దాల కృషిని ఒకచోట చూపింది.

‘నాన్న స్విచ్’ అనే భాగం తెలుగువారికి ప్రత్యేకంగా దగ్గరైనది. పిల్లవాడి చేతిలోని పెట్టెకు ఐదు బొత్తాలు, వాటి మీద జపాను లిపిలోని ఒక వరుస అక్షరాలు ఉంటాయి. ఏ బొత్తాన్ని నొక్కితే ఆ అక్షరంతో మొదలయ్యే చేష్టను తండ్రి చేసి తీరాలి. బౌద్ధ భిక్షువులు సంస్కృత వర్ణమాలను అధ్యయనం చేసిన ప్రభావంతోనే జపాను అక్షరాలకు ఈ క్రమం ఏర్పడింది కనుక, ఆ వరుసకు మన గుణింతంతో దూరపు చుట్టరికం ఉంది. ఈ ఆటను తెలుగులోకి తెస్తే, క అంటే కళ్లు మూసుకోవడం, కి అంటే కిలకిలా నవ్వడం, కు అంటే కుంటడం, కె అంటే కెవ్వున కేక వేయడం, కొ అంటే కొంగలా ఒంటికాలి మీద నిలబడడం. తెలుగు ఇంట ఈ ఆట ఆడుకోవడానికి ఒక అట్టపెట్టె, కాస్త తీరిక దొరికిన తండ్రి చాలు.